ఎంఆర్ఐ చిత్రాల్లో ఆర్టిఫాక్టులు తగ్గించడానికి ఏ ఫిల్టరు వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ ఎం.టెక్. ప్రాజెక్టు కోసం 40 మంది మెదడు ఎంఆర్ఐ స్కాన్లు డైకామ్ (ఆస్పత్రుల్లో స్కాన్ చిత్రాలను దాచే ప్రమాణ ఫార్మాటు) ఫైళ్లుగా మీ చేతికి వచ్చాయి. వాటిలో కొన్నింటి మీద ఏటవాలు చారలు, కొన్నింటిలో పక్కకు జరిగిన నీడలు, మరికొన్నింటిలో ఒక పక్క వెలుగు, ఇంకో పక్క మసక ఉన్నాయి. మీడియన్, వీనర్, వేవ్‌లెట్ ఫిల్టర్లు వేసి చూశారు. పీఎస్ఎన్ఆర్ (మూల చిత్రానికి ఫలితం ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత) అంకె పెరిగింది గాని, రేడియాలజిస్టుకు చూపిస్తే పాత చిత్రాలే నయమన్నారు. ఇప్పుడు ఏ ఫిల్టరును ఎంచుకోవాలి, లేక నేరుగా డీప్ లెర్నింగ్‌కు వెళ్లిపోవాలా అన్నది మీ సందేహం.

సమాధానం ముందే చెప్పేస్తాను. ఆర్టిఫాక్టులన్నిటికీ, అంటే శరీరంలో లేకుండా చిత్రంలో మాత్రమే కనిపించే లోపాలన్నిటికీ, పనికొచ్చే ఫిల్టరు అంటూ ఏదీ లేదు. మీరు వేసిన మూడూ నాయిస్ తగ్గించడానికి పుట్టినవి. నాయిస్, అంటే చిత్రంలోని గింజల్లాంటి మచ్చలు, యాదృచ్ఛికం; ఆర్టిఫాక్టుకు ఒక కారణం, ఒక క్రమం ఉంటాయి. ముందు ఆ కారణాన్ని గుర్తించాలి, అది డేటాలో ఏ దశలో చొరబడిందో చూడాలి, వీలైతే ఆ దశ దాకా వెనక్కి వెళ్లి అక్కడే సరిచేయాలి. డైకామ్ ఫైలు మాత్రమే చేతిలో ఉన్నవారు వెనక్కి వెళ్లగలిగే దూరం తక్కువ. కాబట్టి మీ 40 స్కాన్లలో వెలుగు తేడాలను చాలావరకు సరిచేయగలరు, చారలను కొంతమేర తగ్గించగలరు, కదలిక వల్ల పడిన నీడలను మాత్రం తీయలేరు.

నేను మొదట ఆరేళ్లు ఎంఆర్ఐ యంత్రాల సర్వీసు ఇంజినీరుగా పనిచేసి, ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా చిత్రాల పునర్నిర్మాణం, ప్రాసెసింగ్ పనిలో ఉన్నాను. అందువల్ల ఒకే చారను స్క్రూడ్రైవరు వైపు నుంచీ, కోడు వైపు నుంచీ చూసే అవకాశం నాకు కలిగింది. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చినదే.

ముందుగా కె-స్పేస్ గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే మిగిలినదేదీ నిలవదు. ఎంఆర్ఐ యంత్రం కెమెరాలా చిత్రాన్ని నేరుగా తీయదు. కాయిల్ (శరీరం నుంచి వచ్చే రేడియో సంకేతాన్ని పట్టే యాంటెనా) అందుకున్న సంకేతాన్ని వరుస వెంట వరుసగా ఒక పట్టికలో నింపుతుంది; ఆ పట్టికే కె-స్పేస్. అందులోని ఒక్కొక్క బిందువూ చిత్రం మొత్తాన్ని కప్పే ఒక చారల నమూనా ఎంత బలంగా ఉందో, ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది. కేంద్రానికి దగ్గరి బిందువులు వెడల్పు చారలను, అంటే చిత్రపు స్థూలమైన వెలుగునీడలను ఇస్తాయి. దూరపు బిందువులు సన్నని చారలను, అంటే అంచుల పదునును ఇస్తాయి. వీటన్నిటినీ ఫూరియర్ పరివర్తనతో కలిపితే చిత్రం వస్తుంది. ముగ్గులో ఒక చుక్క తప్పితే ఆ మూల మాత్రమే చెడుతుంది. కె-స్పేస్‌లో ఒక చుక్క తప్పితే చిత్రం అంతటా చారలు పడతాయి. పరిసర పిక్సెళ్లను మాత్రమే చూసి పనిచేసే మీడియన్ ఫిల్టరు ఇక్కడ ఎందుకు చేతులెత్తేస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. కె-స్పేస్‌లోనూ, దాని నుంచి మొదట వచ్చే చిత్రంలోనూ ఉండేవి సంకీర్ణ సంఖ్యలు. ప్రతి పిక్సెల్‌కూ పరిమాణంతో పాటు ఫేజ్ (తరంగం తన చక్రంలో ఎక్కడుందో చెప్పే కోణం) కూడా ఉంటుంది. ఆస్పత్రి నుంచి మీకొచ్చే మామూలు డైకామ్‌లో పరిమాణం మాత్రమే మిగులుతుంది, ఫేజ్‌ను పారేస్తారు. పైగా చాలాసార్లు ఇంటర్‌పొలేషన్, వెలుగు సవరణ, పదును పెంచడం వంటివి యంత్రంలోనే జరిగిపోయి ఉంటాయి. మీరు డైకామ్ చిత్రానికి ఫూరియర్ పరివర్తన చేస్తే వచ్చేది కె-స్పేస్‌లా కనిపిస్తుంది గాని, స్కానర్ కొలిచిన కె-స్పేస్ అది కాదు. ఈ తేడాను పట్టించుకోని ప్రాజెక్టు నివేదికలను నేను చాలా చూశాను.

ఏటవాలు చారలు

మీరు మొదట చెప్పిన చారలు చిత్రం అంతటా, తలకు బయట ఉన్న గాలి ప్రాంతంలో కూడా ఒకే వెడల్పుతో, ఒకే వాలుతో ఉన్నట్లయితే అవి స్పైక్ నాయిస్ వల్ల వచ్చినవి. స్కాన్ గదిలో ఎక్కడో ఒక చిన్న విద్యుత్ మెరుపు, కొన్ని మైక్రోసెకన్లపాటు, సరిగ్గా సంకేతం చదివే సమయంలో పుట్టి, కె-స్పేస్‌లో ఒకటి రెండు బిందువులను అసాధారణంగా పెంచేస్తుంది. గదిలో తేమ తగ్గి సింథటిక్ దుప్పటి రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టడం, గ్రేడియంట్ కేబుల్ బిగింపు వదులవడం, గదిలోని బల్బు చెడిపోవడం దీనికి పేరుమోసిన కారణాలు.

నేను చూసిన ఒక కేసును కొంచెం వివరంగా చెబుతాను. ఒక డయాగ్నొస్టిక్ కేంద్రంలో ఉదయం స్కాన్లు బాగానే వచ్చేవి, మధ్యాహ్నానికి ప్రతి మూడు నాలుగు స్లైసుల్లో ఒకదాని మీద చారలు పడేవి. రా డేటా (యంత్రం కొలిచిన అసలు కె-స్పేస్ విలువలు) తీసుకుని, చెడిన ఒక స్లైసు కె-స్పేస్ పరిమాణాన్ని లాగరిథమ్ స్కేలులో తెర మీద చూశాను. నడుమ మామూలుగా ఉండే తెల్లని వెలుగు, బయటికి పోయేకొద్దీ బూడిద రంగు, అంచుల్లో దాదాపు నలుపు. ఆ నలుపులో, పైన కుడివైపు మూలకు దగ్గరగా, సూదిమొన అంత తెల్లని చుక్క ఒకటి ఉంది. దాని పరిమాణం చుట్టుపక్కల బిందువులకు పదుల రెట్లు. ఆ ఒక్క విలువను తీసేసి, ఇరుగుపొరుగు బిందువుల నుంచి అంచనా వేసిన విలువ పెట్టి, తిరిగి పరివర్తన చేస్తే చారలు ఒక్కటి కూడా మిగలలేదు. చిత్రంలోని 65,536 బిందువుల్లో మార్చింది ఒకే ఒక్కటి. అదే చిత్రాన్ని మీడియన్ ఫిల్టరుతో శుభ్రం చేయబోతే చారలు కొంచెం మసకబారాయి, కార్టెక్స్ మడతలు చాలా మసకబారాయి.

ఈ పనిలో రెండు జాగ్రత్తలు అవసరం. స్పైక్ కేంద్రానికి దగ్గరగా పడితే అక్కడి అసలు విలువలే చాలా పెద్దవి కాబట్టి ఒకే గీటురాయితో దాన్ని పట్టుకోలేము. అప్పుడు పక్క స్లైసుల్లో అదే స్థానంలో ఉన్న విలువలతో పోల్చి చూడాలి. రెండోది, సున్నా పెట్టడం కంటే అంచనా విలువ పెట్టడం మేలు; బిందువు దూరంగా ఉంటే సున్నా కూడా పెద్దగా హాని చేయదు గాని, దగ్గరగా ఉంటే సున్నాయే కొత్త చారలను పుట్టిస్తుంది.

మీ దగ్గర రా డేటా లేదు కాబట్టి డైకామ్ చిత్రానికే పరివర్తన చేసి చూడండి. కేంద్రానికి అటూ ఇటూ సమదూరంలో రెండు చుక్కలు కనిపిస్తాయి, అయితే అవి పదునుగా ఉండవు. పరిమాణం తీసుకునేటప్పుడు చిత్రపు ఫేజ్ వాటిని కొంత చెదరగొట్టి ఉంటుంది. అక్కడ చిన్న నాచ్ ఫిల్టరు (ఆ చుక్కల దగ్గరి విలువలను మాత్రమే అణిచేది) వేస్తే తల లోపలి చారలు చాలావరకు తగ్గుతాయి, బయటి గాలిలోవి కొంత మిగులుతాయి. మీ పరిస్థితిలో అంతకంటే ఆశించకూడదు. నేను చెప్పిన ఆ కేంద్రంలో చివరికి దొరికినది మధ్యాహ్నం వేడికి సాగి వదులయ్యే ఒక బిగింపు. దాన్ని బిగించాక నా కోడుతో పని లేకుండా పోయింది.

చారలు ఏటవాలుగా కాకుండా, చిత్రం ఒక కొస నుంచి మరో కొస దాకా ఒకే సన్నని చుక్కల గీతలా ఉంటే అది జిప్పర్ ఆర్టిఫాక్టు. గది తలుపు సరిగా మూయకపోవడం వల్లనో, లోపల ఏదో పరికరం నడుస్తుండడం వల్లనో బయటి రేడియో తరంగం చొరబడితే ఇలా వస్తుంది. దానికి చిత్రంలో చికిత్స వెతకకండి.

నీడలు, అంటే ఘోస్టింగ్

ఇక్కడే ఎక్కువమంది నిరాశపడతారు. కె-స్పేస్ పట్టికలో ఒక వరుస వెంట పోయేది ఫ్రీక్వెన్సీ దిశ, వరుస నుంచి వరుసకు పోయేది ఫేజ్ దిశ. ఫ్రీక్వెన్సీ దిశలో కె-స్పేస్ వరుస ఒకటి చదవడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. ఫేజ్ దిశలో మాత్రం ఒక వరుసకూ దాని తర్వాతి వరుసకూ మధ్య టీఆర్ (ఒక రేడియో పల్సుకూ తర్వాతి పల్సుకూ మధ్య కాలం) అంత వ్యవధి గడుస్తుంది, మొత్తం వరుసలు నిండడానికి నిమిషాలు పడుతుంది. అందుకని పేషంట్ ఎటు కదిలినా నీడలు ఫేజ్ దిశలోనే పడతాయి. ఊపిరి, నాడి వంటి క్రమబద్ధమైన కదలిక అయితే విడివిడి నీడలు, దగ్గు, ఇబ్బందిగా కదలడం వంటివైతే అలుక్కుపోయినట్టు మసక.

క్రమబద్ధమైన కదలికలో నీడ ఎంత దూరంలో పడుతుందో లెక్కగట్టవచ్చు. టీఆర్‌ను ఫేజ్ వరుసల సంఖ్యతోనూ, సగటు కోసం తీసిన పర్యాయాలతోనూ గుణించి, కదలిక ఆవర్తన కాలంతో భాగిస్తే పిక్సెళ్లలో దూరం వస్తుంది. టీఆర్ 500 మిల్లీసెకన్లు, వరుసలు 256, పర్యాయం ఒకటి, నాడి నిమిషానికి 60 అనుకుంటే 128 పిక్సెళ్లు, అంటే చిత్రంలో సరిగ్గా సగం దూరం. కాంట్రాస్టు ఇచ్చిన తర్వాత సిగ్మాయిడ్ సైనస్ (చెవి వెనక, పుర్రె లోపలి పెద్ద సిర) నాడి కొట్టుకోవడం వల్ల పడిన నీడ చిన్నమెదడు మీద కణితిలా కనిపించి, జూనియర్ డాక్టర్లను కంగారు పెట్టిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. ఫేజ్ దిశను, ఫ్రీక్వెన్సీ దిశను తారుమారు చేసి మళ్లీ తీస్తే నీడ ఇంకోవైపు వెళ్లిపోతుంది, నిజమైన కణితి కదలదు. డైకామ్ హెడర్‌లో (ఫైలు మొదట్లో ఉండే వివరాల్లో) (0018,1312) ట్యాగు దగ్గర ఫేజ్ దిశ అడ్డమా నిలువా అన్నది రాసి ఉంటుంది. మీ నీడలు ఆ దిశలోనే ఉన్నాయో లేదో మొదట సరిచూసుకోండి; లేకపోతే అవి కదలిక వల్ల వచ్చినవి కావు.

ప్రాసెసింగ్‌తో దీన్ని సరిచేసే పద్ధతులు లేకపోలేదు. చిత్రపు ఎంట్రపీ (వెలుగు ఎంత చెదిరిపోయి ఉందో చెప్పే కొలత) తగ్గేదాకా కదలిక ఎంత ఉండి ఉంటుందో వెతుకుతూ పోయే ఆటోఫోకస్ పద్ధతి 1997 నాటికే వచ్చింది. 1999లో వచ్చిన ప్రొపెల్లర్ పద్ధతిలో కె-స్పేస్‌ను ఫ్యాను రెక్కల్లా తిప్పుతూ నింపుతారు. ప్రతి రెక్కా కేంద్రం మీదుగానే పోతుంది కాబట్టి రెక్కలను ఒకదానితో ఒకటి పోల్చి తల ఎంత తిరిగిందో కనిపెట్టి సరిదిద్దవచ్చు. కుదురుగా పడుకోలేని పెద్దవారికీ, పిల్లలకూ ఇది చాలా మేలు చేసింది. అయితే ఆటోఫోకస్‌కు రా డేటా కావాలి, ప్రొపెల్లర్‌కు స్కాన్ తీసేటప్పుడే నిర్ణయం కావాలి. ఏ వరుస ఏ క్షణంలో తీశారో, దాని ఫేజ్ ఎంతో తెలియని డైకామ్ చిత్రం నుంచి కదలికను వెనక్కి తిప్పలేము. కదలిక ఉన్న స్కాన్లను సరిచేయబోకండి. తీవ్రతను బట్టి మూడు తరగతులుగా విడదీసి, చివరి తరగతిని అధ్యయనం నుంచి తీసేయండి. ప్రాజెక్టు గైడు ఒప్పుకోకపోతే ఈ కారణాన్నే రాసి చూపించండి.

ఎఫ్ఎంఆర్ఐలో (మెదడు పనితీరును చూసే ఎంఆర్ఐలో) కదలికను సరిచేస్తున్నారు కదా అని మీరు అడగవచ్చు. అక్కడ మెదడు మొత్తాన్ని రెండు మూడు సెకన్లకొకసారి తీసి, ఆ వందల చిత్రాలను ఒకదాని మీద ఒకటి సర్దుతారు. అది చిత్రానికీ చిత్రానికీ నడుమ జరిగిన కదలిక. మీది ఒకే చిత్రం నిండుతుండగా జరిగిన కదలిక. పేరు ఒకటే అయినా సమస్య వేరు.

ఒక పక్క వెలుగు, మరో పక్క మసక

మీకు నిజంగా ఊరట కలిగించేది ఇదే. కాయిల్‌కు దగ్గరున్న భాగం ఎక్కువ వెలుగుతుంది, దూరంగా ఉన్నది మసకబారుతుంది. 3 టెస్లా యంత్రంలో రేడియో తరంగ పౌనఃపున్యం దాదాపు 128 మెగాహెర్ట్జ్. నీరు ఎక్కువగా ఉండే శరీర కణజాలంలో ఆ తరంగదైర్ఘ్యం సుమారు 26 సెంటీమీటర్లకు పడిపోయి శరీరపు కొలతలతో సరితూగుతుంది కాబట్టి, తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్నిచోట్ల బలపడి, కొన్నిచోట్ల బలహీనపడతాయి. ఏ కారణమైనా ఫలితం ఒకటే: అసలు చిత్రం, నెమ్మదిగా మారే ఒక వెలుగు పొరతో గుణించబడి వస్తుంది.

గుణకారాన్ని లాగరిథమ్‌తో కూడికగా మార్చి, ఆ పొరను స్ప్లైన్ వక్రాలతో అంచనా వేసి తీసేయడం 1998లో వచ్చిన ఎన్3 పద్ధతి. 2010లో దాన్ని మెరుగుపరచి ఎన్4 తెచ్చారు. యాంట్స్, స్లైసర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో అది సిద్ధంగా ఉంది. ఫేజ్ అక్కర్లేదు, రా డేటా అక్కర్లేదు, డైకామ్ చాలు.

కాకపోతే మూడు చోట్ల కాలు జారుతుంది. తల మాస్కు వేయకపోతే పుర్రె బయటి గాలి లెక్కలోకి వచ్చి అంచనా చెడుతుంది. యంత్రం ముందే సవరణ చేసిందేమో చూసుకోవాలి. సీమెన్స్‌లో ప్రీస్కాన్ నార్మలైజ్, జీఈలో ప్యూర్, ఫిలిప్స్‌లో క్లియర్ అనే పేర్లతో అది ఉంటుంది. కొన్ని స్కాన్లకు చేసి, కొన్నింటికి చేయకుండా ఉన్న గుంపును ఒకే సెట్టింగుతో నడిపిస్తే పోలిక తప్పుతుంది. ఇక మూడోది, స్ప్లైన్ బిందువుల మధ్య దూరం. దాన్ని 200 మిల్లీమీటర్ల స్థాయిలో ఉంచితే పొర నెమ్మదిగా మారుతుంది. ఒకసారి మా దగ్గర ఒక విద్యార్థి, ఫలితం ఇంకా సమంగా రావాలన్న ఆత్రంతో ఆ దూరాన్ని బాగా తగ్గించాడు. అర్ధగోళంలో సగం ఆక్రమించిన వాపును ప్రోగ్రాము వెలుగు లోపం అనుకుని చదును చేసేసింది. చిత్రం చూడముచ్చటగా ఉంది, రోగం సగం మాయమైంది. అంచనా వేసిన వెలుగు పొరను ప్రతిసారీ విడిగా చిత్రంగా తీసి చూడండి. అందులో మెదడు ఆకారం గాని, కణితి ఆకారం గాని కనిపిస్తే సెట్టింగు తప్పినట్టే.

అంచుల పక్కన అలలు

మీరు అడగలేదు గాని, మీ స్కాన్లలో ఇది తప్పక ఉంటుంది. కె-స్పేస్‌ను అనంతంగా కొలవలేము, ఎక్కడో ఒకచోట ఆపాలి. అలా ఆపిన చోట, వెలుగు హఠాత్తుగా మారే ప్రతి అంచు పక్కనా అలలు పుడతాయి. దీన్నే గిబ్స్ రింగింగ్ అంటారు. వరుసలు ఎన్ని పెంచినా మొదటి అల ఎత్తు అంచు ఎత్తులో సుమారు 9 శాతం దగ్గరే ఉంటుంది, అల వెడల్పు మాత్రం తగ్గుతుంది.

మెడ వెన్నుపాము స్కాన్‌లో దీని మోసం పెద్దది. వెన్నుపాముకు రెండు వైపులా ఉన్న ద్రవపు అంచుల నుంచి వచ్చే అలలు నడుమ కలుసుకుని, వెన్నుపాము మధ్యలో నిలువుగా ఒక గీత గీస్తాయి. అది నీటి తిత్తిలా, అంటే సిరింక్స్‌లా కనిపిస్తుంది. చేతుల తిమ్మిరితో వచ్చిన ఒక యువకుడి టి2 (ద్రవం తెల్లగా కనిపించే రకం) చిత్రంలో అలాంటి గీతను చూసి ఇంట్లోవాళ్లు ఆపరేషన్ మాట దాకా వెళ్లారు. ఆ స్కాన్‌లో సమయం ఆదా కోసం ఫేజ్ వరుసలు బాగా తగ్గించి ఉన్నాయి. వరుసలు పెంచి, ఫేజ్ దిశ మార్చి మళ్లీ తీయిస్తే గీత లేదు.

ప్రాసెసింగ్‌లో పాత మందు, కె-స్పేస్ అంచులను హామింగ్ లేదా టూకీ విండోతో మెల్లగా సున్నాకు దించడం. అలలతో పాటు పదును కూడా పోతుంది. 2016లో కెల్నర్ బృందం ప్రచురించిన పద్ధతి ఇంతకంటే తెలివైనది. చిత్రాన్ని పిక్సెల్‌లో కొంత భాగం మేర అటూ ఇటూ జరిపి చూస్తే, ఏదో ఒక స్థానంలో కొలత బిందువులు సరిగ్గా అల సున్నా అయ్యేచోట పడతాయి. ప్రతి పిక్సెల్‌కూ ఆ జరుగుడు ఎంతో కనిపెట్టి అక్కడి విలువను తీసుకుంటారు. ఎంఆర్‌ట్రిక్స్‌లో ఇది ఎంఆర్‌డీగిబ్స్ (mrdegibbs) పేరుతో దొరుకుతుంది. పరిమాణ చిత్రం మీద కూడా చక్కగా పనిచేస్తుంది. అయితే ఇంటర్‌పొలేషన్ జరిగిన చిత్రం మీద పనిచేయదు. హెడర్‌లో (0018,1310) దగ్గర నిజంగా కొలిచిన మ్యాట్రిక్సు ఉంటుంది. అక్కడ 256 అని ఉండి మీ చిత్రం 512 పిక్సెళ్లు ఉంటే యంత్రం దాన్ని సాగదీసిందన్నమాట. అటువంటప్పుడు ముందు అసలు మ్యాట్రిక్సుకు దించాలి. కె-స్పేస్‌లో కొంత భాగాన్నే కొలిచే పార్షియల్ ఫూరియర్ స్కాన్లలోనూ దీని ఫలితం పూర్తిగా రాదు.

మీ సెట్‌లో డిఫ్యూజన్ (కణజాలంలో నీటి కదలికను కొలిచే) స్కాన్లు ఉంటే ఇంకొక బెడద. వాటిని సాధారణంగా తీసే ఈపీఐ (ఒకే పల్సుతో కె-స్పేస్‌ను వేగంగా నింపే) పద్ధతిలో ఫేజ్ దిశలో ఒక్కో పిక్సెల్‌కు వచ్చే బ్యాండ్‌విడ్త్ చాలా తక్కువ. రీడౌట్ మొత్తం 45 మిల్లీసెకన్లు అనుకుంటే పిక్సెల్‌కు సుమారు 22 హెర్ట్జ్. ముక్కు చుట్టూ ఉండే గాలి గదుల (ఇవీ సైనస్‌లే) పక్కన అయస్కాంత క్షేత్రం 100 హెర్ట్జ్ మేర తప్పితే అక్కడి కణజాలం నాలుగున్నర పిక్సెళ్లు, రెండు మిల్లీమీటర్ల పిక్సెల్ అయితే 9 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. ఫేజ్‌ను వ్యతిరేక దిశలో తీసిన ఇంకొక చిత్రం ఉంటే, రెండూ ఎదురెదురుగా సాగి ఉంటాయి కాబట్టి, నడుమ ఉన్న నిజ స్థానాన్ని ఎఫ్ఎస్ఎల్‌లోని టాప్‌అప్ లెక్కగడుతుంది. ఆ రెండో చిత్రం తీయడానికి నిమిషం కూడా పట్టదు, అయినా చాలా చోట్ల తీయరు. అది లేకపోతే టి2 చిత్రానికి సర్దే మార్గం ఉంది గాని, రెండు చోట్ల సంకేతాలు ఒకే పిక్సెల్‌లో కుప్పపడిన భాగాన్ని అది విడదీయలేదు.

నాయిస్ విషయానికొస్తే, పరిమాణ చిత్రంలో అది గాసియన్ (అసలు విలువకు అటూ ఇటూ సమంగా పరుచుకునేది) కాదు, రైసియన్ (విలువ ఎప్పుడూ సున్నాకు పైనే ఉండేది). బలహీనమైన చోట సగటు విలువనే పైకి నెడుతుంది. మీ వీనర్ ఫిల్టరు గాసియన్ నాయిస్ ఊహ మీద నడుస్తుంది కాబట్టి నల్లని ప్రాంతాలు బూడిదరంగుగానే మిగిలిపోయాయి. నాన్‌లోకల్ మీన్స్ (చిత్రంలో పోలిక ఉన్న ముక్కలను వెతికి సగటు తీసే) పద్ధతిలో రైసియన్ సవరణ ఉన్న రూపాన్ని వాడండి. వరుస కూడా ముఖ్యం: ముందు నాయిస్, తర్వాత గిబ్స్, ఆ తర్వాత సర్దుబాట్లు, చివర వెలుగు సవరణ. సర్దుబాట్లలో జరిగే ఇంటర్‌పొలేషన్ పక్క పిక్సెళ్ల నాయిస్‌ను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఆ తర్వాత నాయిస్ లెక్క ఏదీ కుదరదు.

తీయలేనివి రెండు చెప్పి ముందుకు వెళతాను. ముక్కు వచ్చి తల వెనకభాగం మీద పడే అలియాసింగ్‌లో రెండు సంకేతాలు ఒకే పిక్సెల్‌లో కూడిపోయి ఉంటాయి. అనేక కాయిళ్ల డేటా విడివిడిగా ఉంటే సెన్స్, గ్రాపా పద్ధతులు విడదీయగలవు, కలిపేసిన డైకామ్‌లో ఏమీ చేయలేము. దంతాల లోహం పక్కన పడే నల్లని గుంటలో అసలు సంకేతమే లేదు, అక్కడ ఏది నింపినా అది కల్పనే.

డీప్ లెర్నింగ్ సంగతి

వద్దనను. 2018లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ కలిసి విడుదల చేసిన ఫాస్ట్ఎంఆర్ఐ రా డేటా వచ్చాక ఈ రంగం చాలా ముందుకు పోయింది, పెద్ద కంపెనీల యంత్రాల్లోనూ ఇప్పుడు ఇటువంటి పునర్నిర్మాణం వస్తోంది. కానీ అవి రా డేటా మీద పనిచేస్తాయి. వాటిలో మేలైనవి, నిజంగా కొలిచిన కె-స్పేస్ విలువలతో ఫలితం సరిపోతోందా అని ప్రతి దశలోనూ సరిచూసుకుంటాయి. డైకామ్ చిత్రాన్ని ఇచ్చి శుభ్రమైన చిత్రాన్ని తీసుకునే యూనెట్ అనే న్యూరల్ నెట్‌వర్కుకు అటువంటి కళ్లెం ఉండదు. 2020లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, కంటికి కనిపించనంత చిన్న మార్పుతో ఇలాంటి నెట్‌వర్కుల ఫలితం తీవ్రంగా చెడిపోవచ్చనీ, చిన్న నిర్మాణాలు చెరిగిపోవచ్చనీ చూపించింది. మేము తయారుచేసిన ఒక నెట్‌వర్కు నీడలను అద్భుతంగా తుడిచేసింది. అదే చేత్తో రెండు మిల్లీమీటర్ల రక్తపు చుక్కలను కూడా తుడిచేసింది. శిక్షణ చిత్రాల్లో అటువంటివి చాలా అరుదు కాబట్టి దానికి అవి కూడా మచ్చలే.

చివరగా మీ పీఎస్ఎన్ఆర్ గురించి. దాన్ని దేనితో పోల్చి లెక్కగట్టారు? ఆర్టిఫాక్టు లేని జత చిత్రం మీ దగ్గర లేదు కాబట్టి, బహుశా మంచి చిత్రానికి కృత్రిమంగా గాసియన్ నాయిస్ కలిపి, దాన్ని ఫిల్టరు చేసి ఉంటారు. ఆ అంకె మీరు కలిపిన నాయిస్ గురించి చెబుతుంది, మీ స్కాన్లలోని చారల గురించి ఏమీ చెప్పదు. దానికి బదులు ఒక చిన్న పని చేయండి. ప్రాసెస్ చేసిన చిత్రాన్ని అసలు చిత్రం నుంచి తీసివేసి, మిగిలినదాన్ని వెలుగు పెంచి చూడండి. చారలను తీశామని మీరు అనుకుంటే ఆ తేడా చిత్రంలో చారలు మాత్రమే ఉండాలి. మీ మీడియన్ ఫిల్టరు తేడా చిత్రంలో మడతల అంచులు, జఠరికల గోడలు గీత గీసినట్టు కనిపిస్తాయని నా నమ్మకం; మీ రేడియాలజిస్టు పాత చిత్రాలే నయమన్నది వాటి కోసమే. ముందుగా ఒక్క చారల స్లైసుకు ఈ తేడా చిత్రం తీసి, దాని హెడర్‌లో పైన చెప్పిన రెండు అంకెలతో పాటు ఇక్కడే పెట్టండి, పేషంట్ పేరు, ఐడీ, తేదీలు తీసేసిన తర్వాతే. నాచ్ ఎక్కడ వేయాలో చూసి చెబుతాను.